దుప్పటి కప్పిన గాలి మిషను

టైర్ల కొట్టు వెనక గది నుంచి

వదినగారికి,

నేను బాగానే ఉన్నాను. బాగా లేనని రాస్తే మీకు బాధ. బాగున్నానని రాస్తే, కొడుకు పోయిన మనిషి ఎలా బాగుందబ్బా అని ఆశ్చర్యం. రెండింట్లో మీకు ఏది సుఖమైతే అది చదువుకోండి.

ఇక్కడ ధైర్యం చెప్పేవాళ్ల రాక ఈమధ్యే కాస్త తగ్గింది. వాడు పోయిన కొత్తలో వీధి వీధంతా వచ్చి కూర్చుంది. ఒక్కొక్కరూ ఇంత ధైర్యం చెప్పి, ఇంత టీ తాగి వెళ్లారు. ఇంతమంది దగ్గర ఇంత ధైర్యం మూలుగుతోందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఎదురింటి టీచరమ్మ బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, 'గుండె రాయి చేసుకోవాలమ్మా' అంది. మా మరిది వచ్చి, 'పోయినవాళ్లతో మనమూ పోతామా' అన్నాడు. వాళ్ల కుక్క తప్పిపోయినప్పుడు పనికి సెలవు పెట్టి పడుకున్నవాడు ఆయనే. ఇంకొకాయన, ఎవరో కూడా సరిగ్గా తెలియదు, లారీ చక్రానికి గాలి కొడుతుంటే టైరు ఊడకుండా రిమ్ముకి బిగించే ఇనప రింగు ఎలా ఎగిరింది, వాడికి ఎక్కడ తగిలింది, అంతా నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆరోజు నేను వెనక గదిలో ఉన్నాను. ఆయన వేరే ఊళ్లో ఉన్నాడు. అయినా ఆయనకే బాగా తెలుసు.

సరే, అసలు సంగతి. కొట్టు తెరిచాను. మా ఆయన పెట్టిన కొట్టు, మీ అల్లుడు నడిపిన కొట్టు. నేను తాళం వేసుకుని కూర్చుంటే ఇక ఎలుకలే నడపాలి. ఇన్నేళ్లు స్టూలు మీద కూర్చుని చూసిన పనే. పంక్చర్లు నేనే వేస్తున్నాను. సైకిళ్లు, స్కూటర్లు, లారీలు, అన్నీ వస్తున్నాయి. గాలి మిషను పొద్దున వేస్తే సాయంత్రం దాకా మోగుతూనే ఉంటోంది. మీరు నా గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. పెట్టుకున్నారని నేనేమీ అనడం లేదు.

మీ అమ్మాయిని మీరు తీసుకువెళ్లిననాటి నుంచి ఒక్క ముక్క లేదు. నేను అత్తగారిని కదా, నాకు రాస్తే సిరా అయిపోతుంది. పెద్ద ఉత్తరం అడగడం లేదు. అన్నం తింటోందా, మాట్లాడుతోందా, అంతే రాయండి. నా చదువుకి ఆ రెండు ముక్కలే ఎక్కువ.

ఇట్లు,
మీ వదిన


కుట్టు మిషను గది నుంచి

వదినగారికి,

ఉత్తరం అందింది. ధైర్యం చెబితే మీకు కిట్టదని ముందే తెలియజేసినందుకు సంతోషం. నాకు ఒక పని తప్పింది.

మా అమ్మాయి బాగుంది. వేళకి తింటోంది. వేళకి పడుకుంటోంది. నేను బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెబుతోంది. తనూ కుట్టు నేర్చుకుంటోంది. చూస్తుండగానే కాజాలు కుట్టేదాకా వచ్చింది. పని మీద పడితే మనిషి ఎంత త్వరగా తేరుకుంటుందో దాన్ని చూసి తెలుసుకోవాలి.

కోపగించుకోకుండా ఒక మాట వినండి. ఆ కొట్టు మూసేయండి. కన్నకొడుకుని మింగిన గాలి మిషనుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగిస్తున్నానని ఏదో విరగకాసిన చెట్టు గురించి రాసినట్టు రాశారు. మీ గుండె ఏం గుండెనో నాకు తెలియదు. మీ అన్నయ్యగారు కూడా పేపరు మడిచి పక్కన పెట్టి మరీ, 'మూసేయమని రాయి' అన్నారు. ఆయన పేపరు మడవడం మా పెళ్లయ్యాక నేను చూసింది చాలా తక్కువ.

ఇక మీదట ఆ మోత సంగతులు రాయకండి. ఇక్కడ సీసా మూత కూడా మేం చప్పుడు కాకుండా తీస్తున్నాం. కత్తెర బల్ల మీద పెట్టాలంటే ముందు గుడ్డ పరుస్తున్నాను.

ధైర్యంగా ఉండండి. రాయకూడదనే అనుకున్నాను. చెయ్యి అలవాటు మానలేదు.

ఇట్లు,
మీ వదిన


టైర్ల కొట్టు వెనక గది నుంచి

వదినగారికి,

మీ అమ్మాయి కాజాలు కుడుతోందని చదివి ఎంతో ముచ్చటపడ్డాను. కాపురానికి వచ్చిన కొత్తలో వాడి చొక్కాకి గుండీ కుట్టమంటే ముందు రెండు పక్కలూ కలిపి కుట్టేసింది. వాడు పాపం ఏమీ అనకుండా బనియనులా తల దూర్చి వేసుకుని తిరిగాడు. అలాంటి పిల్ల మీ దగ్గర ఇన్ని రోజుల్లోనే కాజాలకి వచ్చిందంటే మీరు గొప్ప గురువన్నా అయి ఉండాలి, గొప్ప అబద్ధాలకోరన్నా అయి ఉండాలి. మర్యాద ఉన్నదాన్ని కనక గురువనే అనుకుంటున్నాను. వేళకి తిని, కబుర్లు చెప్పే పిల్ల ఉన్న ఇంట్లో సీసా మూత ఎందుకు దొంగతనంగా తీయాలో మాత్రం నా చదువుకి అందలేదు.

కొట్టు మూయమన్నారు. మూసి? మీ గదికి వచ్చి నేనూ గుండీలు కుట్టనా?

ఇక్కడి విశేషం ఒకటి రాస్తాను, నవ్వుకోండి. మా పోస్టుమాను సైకిలు వెనక చక్రం పంక్చరైంది. ట్యూబు బయటికి లాగి, తొట్టి నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట అతుకు వేసి పంపాను. మర్నాడు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

'అమ్మా, మళ్లీ పోయింది.'

'రోడ్డు అలా ఉంది నాయనా, నేనేం చేయను' అన్నాను. మళ్లీ వేశాను. ఆ మర్నాడు మళ్లీ వచ్చాడు. సైకిలుకి స్టాండు వేసి, బల్ల మీద కూర్చుని, చెప్పులు విప్పాడు.

'మీ అతుకు బాగుందమ్మా' అన్నాడు. 'అతుక్కి పక్కన ఇంకో అతుకు తోడుగా కూడా బాగుంది. గాలి ఒక్కటే నిలవడం లేదు.'

'నడిచి పంచితే ఒళ్లు తగ్గుతుందయ్యా.'

'తగ్గడానికి నా దగ్గర ఏముందమ్మా. మీ వియ్యపురాలి ఉత్తరం వచ్చింది. సైకిలు బాగైతే ఇస్తాను.'

మీ ఉత్తరం అలా తాకట్టులో ఉండగా మూడో అతుకు వేసి విడిపించుకున్నాను. నాకు అంతు చిక్కనిది ఏమిటంటే, కన్నం ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. మొదటి అతుక్కి ఇటు ఒకసారి, అటు ఒకసారి. దెయ్యం పట్టినట్టు. ట్యూబే చచ్చు ట్యూబు అని తేల్చేశాను. పోస్టుమాను మాత్రం నా ముఖం చూసి తేల్చుకున్నాడు, ఏం తేల్చుకున్నాడో చెప్పలేదు.

మీ కాజాల శిష్యురాలిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ వదిన


కుట్టు మిషను గది నుంచి

వదినగారికి,

అబద్ధాలకోరునే. ఒప్పుకుంటున్నాను.

మా అమ్మాయి ఇక్కడికి వచ్చిన రోజు గోడ పక్కన మంచం మీద పడుకుని గోడవైపు తిరిగింది. అంతే. మళ్లీ ఇటు తిరగలేదు. గ్లాసు నోటి దగ్గర పెడితే తాగుతుంది, ముద్ద పెడితే సగం మింగుతుంది. మాట లేదు. దానికి సూది చూపిస్తే కత్తి చూసినట్టు చూస్తుంది, ఇంక కాజాలా. మీకు నిజం రాస్తే, 'నా దగ్గర ఉంటే ఇలా అయ్యేదా' అంటారని భయపడి గొప్పలు రాశాను. మీ నోరు నాకు పెళ్లిచూపులనాడే తెలుసు.

నిన్న మీ ఉత్తరం వచ్చింది. మీ అన్నయ్యగారికి వినపడాలని పైకి చదివాను. ఆయనకి చెవులు పేపరులోనే ఉంటాయి కదా, గట్టిగా చదవాలి. 'కన్నం ప్రతిసారీ ఒకే చోట పడుతోంది' అని చదివానో లేదో, మంచం మీద నుంచి,

'టైరులో మేకు తీయలేదు' అని వినిపించింది.

ఆయన పేపరు దించి, 'ఎవరది?' అన్నారు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. అయినా ఆయన తప్పు లేదు, నేనూ గుమ్మంవైపే చూశాను.

నేను చిన్నగా, 'ఏంటమ్మా' అన్నాను.

'ట్యూబుకి అతుకు వేసి టైరు లోపల వేలు పెట్టి తడిమి చూడకపోతే మేకు అక్కడే ఉంటుంది. గాలి కొట్టగానే మళ్లీ అక్కడే గుచ్చుతుంది. ఆ మాత్రం తెలీదా అత్తయ్యకి? ఇన్నేళ్లు స్టూలు మీద కూర్చుని ఏం చూశారట, వచ్చే పోయే చీరలా?'

ఈ మాటలు గోడతోనే అంది. అయినా అంది.

వదినగారూ, నేను దాన్ని ముద్దుపేరు పెట్టి పిలిచాను. బతిమాలాను, ఏడ్చాను, ఒకరోజు ఓపిక నశించి తిట్టాను కూడా. కన్నతల్లికి పలకలేదు. మీ పోస్టుమాను సైకిలుకి పలికింది. నా రాత ఇది. ఆ పూట మీ మొద్దుతనం తలుచుకుంటూ గొణుక్కుంటూ, పెట్టిన అన్నంలో సగానికి పైగా తింది.

అడగడానికి సిగ్గుగా ఉంది. మీరు ఇంకేమైనా చెడగొట్టారా? చెడగొట్టి ఉంటే దాచుకోకుండా రాయండి.

ఇట్లు,
మీ వదిన


టైర్ల కొట్టు వెనక గది నుంచి
(ఇది పైకి చదవాల్సిన కాగితం)

వదినగారికి,

మీ అమ్మాయి చెప్పింది నిజమే. టైరులో వేలు పెట్టి తడిమాను. మేకు నాకు దొరికింది, నా వేలు మేకుకి దొరికింది. పోస్టుమాను, 'మీకూ ఒక అతుకు వేయమంటారా' అన్నాడు. ఈ రోజుల్లో అందరికీ నోళ్లు లేచాయి.

ఇంకా విశేషాలు. అతుకు వేసే ముందు జిగురు, అదే సొల్యూషన్, రాసి ఆరనివ్వాలంటారు కదా. అంతసేపు ఎవరు కూర్చుంటారని నేను తడి మీదే అతికించేశాను. స్కూటరాయన వీధి మలుపు తిరక్కుండానే అతుకు ఊడింది. తరవాత ట్యూబు ఒరుసుకోకుండా టైరులో పౌడరు చల్లుతారు కదా. కొట్టులో పౌడరు అయిపోతే నా ముఖానికి రాసుకునే డబ్బా తెచ్చి చల్లాను. ఆయన స్కూటరు ఇప్పుడు ఎటు పోయినా ముందు వాసన వస్తుంది, తరవాత ఆయన వస్తాడు. ఇంకో సైకిలుకి వాల్వులో గాలి పోతుంటే ట్యూబు మొత్తం తీసి నీళ్లలో ముంచి కూర్చున్నాను. నిన్న ఒక సైకిలుకి వెనక చక్రం పంక్చరైతే పొరపాటున ముందు చక్రం విప్పాను.

ఏమంటుందో కనుక్కోండి.

ఇట్లు,
మీ వదిన


(ఇది మీకు మాత్రమే. పైకి చదివారో, మీ ఇంటికి వచ్చి మరీ గొడవ పెట్టుకుంటాను.)

వదినా,

మేకు ఒక్కటే నిజం. మిగతావన్నీ కూర్చుని కల్పించాను. సొల్యూషన్ ఆరాక అతికించాలని మా వీధిలో తిరిగే మేకలకి కూడా తెలుసు. తప్పులు కల్పించడం పని చేయడం కంటే కష్టంగా ఉంది. తప్పు నిజంలా ఉండాలంటే పని రావాలి. నాకు ఇప్పుడిప్పుడే వస్తోంది.

దాని మాట మీరు రాసింది చదివినప్పుడు నాకు ఆ గొంతు వినపడింది. వచ్చే పోయే చీరలట. పొగరు. ఆ పొగరు చూసే వాడు చేసుకున్నాడు. అది నన్ను ఏమని తిట్టిందో ఒక్క ముక్క వదలకుండా రాయండి. మర్యాద కోసం పలచన చేయకండి.


కుట్టు మిషను గది నుంచి

వదినా,

పలచన చేయకుండానే రాస్తున్నాను. ఇది దానికి వినిపించను.

సొల్యూషన్ దగ్గర, 'వేలి వెనకవైపు ఆనిస్తే అంటుకోకూడదు, అప్పుడు అతికించాలి. ఆరడానికి ఆగలేని మనిషి ఈ కొట్టులో ఎందుకు, బస్సు కండక్టరుగా పోవచ్చుగా' అంది. పౌడరు దగ్గర మాట రాలేదు, ముక్కుతో ఒక చప్పుడు వచ్చింది. నవ్వు అని నేననుకుంటున్నాను. జలుబని మీ అన్నయ్యగారు అంటున్నారు. వాల్వు దగ్గర, 'ఉమ్ము తడి పెడితే బుడగ వస్తుంది, తెలిసిపోతుంది. దానికి ట్యూబంతా లాగారా' అని లేచి కూర్చుంది. లేచి కూర్చుంది వదినా. దిండు ఒళ్లో పెట్టుకుని, దిండునే టైరు చేసి, వేలు ఎలా పెట్టాలో నాకు చూపించింది. నేను కుడుతున్న నిక్కరు మీద సూది ఎటో పోయింది.

ముందు చక్రం విప్పిన ముక్క మాత్రం అతిగా ఉంది. అది విని, 'అత్తయ్యకి ఒంట్లో బాగానే ఉందా' అని అడిగింది. ఇక మీదట కాస్త తగ్గించి రాయండి.

ఇంతవరకు బాగానే ఉంది. తరవాత అడిగింది: 'లారీలు వస్తున్నాయా? గాలి మిషను ఎవరు వేస్తున్నారు?'

నాకేం తెలుసు? మీరు మొదటి ఉత్తరంలో రాసిందే చెప్పాను. అత్తయ్యే వేస్తోంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతోంది అన్నాను. అది నా ముఖం వంక చూసింది. దిండు యథాస్థానంలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచి మళ్లీ మాట లేదు. ముద్ద కూడా లేదు.

నేను ఏం తప్పు మాట్లాడానో నాకు అర్థం కావడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే ఇంకో సైకిలన్నా చెడగొట్టండి.

మీ వదిన


టైర్ల కొట్టు వెనక గది నుంచి

వదినా,

ఈ ఉత్తరం మొత్తం దానికి చదివి వినిపించండి. దాచేది ఏమీ లేదు.

గాలి మిషను మోగడం లేదు. ఆరోజు ఆగింది, మళ్లీ మోగలేదు. మీరు ఒక్కరే అబద్ధాలకోరు అనుకున్నారా? మనం వియ్యమందింది ఊరికే కాదు.

దాని మీద దుప్పటి కప్పాను. సైకిళ్లకి, స్కూటర్లకి చేతి పంపుతో కొడుతున్నాను. రెండు చక్రాలకి కొట్టేసరికి నాలోని గాలి కూడా అందులోకే పోతోంది. లారీలు వస్తే మిషను పాడైంది అని పంపేస్తున్నాను. ఒక డ్రైవరు దుప్పటి ఎత్తి చూసి, 'బాగానే ఉన్నట్టుందే' అన్నాడు.

'జ్వరం. అందుకే కప్పాను' అన్నాను.

'తగ్గాక వస్తానమ్మా' అని వెళ్లిపోయాడు. మంచివాడు.

రోజూ వేద్దామనే అనుకుంటాను. పొద్దున టీ తాగి, కొంగు దోపుకుని, యుద్ధానికి పోయేదానిలా స్విచ్చుల దగ్గరికి వెళ్తాను. చెయ్యి ఎత్తుతాను. పక్కనున్న లైటు స్విచ్చు వేసి వచ్చేస్తాను. మా కొట్టులో పట్టపగలు లైటు వెలుగుతూ ఉంటుంది. వీధిలోవాళ్లు పాపం, బాధలో ఉంది, మర్చిపోయింది అనుకుంటున్నారు. ఎదురింటి టీచరమ్మ వచ్చి, తనే ఆర్పి, 'ధైర్యంగా ఉండాలమ్మా' అని చెప్పి వెళ్తుంది.

ఇదీ మీ వియ్యపురాలి గుండె. దీన్ని చూసే, ఏం గుండెనో అని మీరు ఆశ్చర్యపోయారు.

మీ వదిన


గోడ పక్క మంచం నుంచి

అత్తయ్యకి,

ముందు చక్రం విప్పారన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. వాసన పౌడరు దగ్గరే రావాల్సింది, కానీ అది మీరు చేసినా చేస్తారు. మేకు మాత్రం నిజమని నాకు తెలుసు. పని రానివాళ్లు నిజంగా చేసే తప్పు అదే. నేనూ మొదట్లో చేశాను. మీ అబ్బాయి నా చెయ్యి పట్టుకుని టైరు చుట్టూ తిప్పించాడు.

నేను ఎందుకు మాట్లాడటం లేదో అమ్మకి తెలియదు. అమ్మ నాకు దిష్టి తగిలిందేమో, మెదడు దెబ్బతిందేమో అని నాన్నతో గుసగుసలాడుతోంది. అమ్మ గుసగుస పక్కింటికి వినపడుతుంది.

ఆరోజు స్విచ్చు వేసింది నేను.

ఆయన చక్రం నేల మీద పడుకోబెట్టి, రింగు మీద సుత్తితో చుట్టూ కొట్టి చూశాడు. గొట్టం పెట్టి పట్టుకున్నాడు. నావైపు చూడకుండానే 'వెయ్యి' అన్నాడు. వేశాను. రింగు ఒక పక్క సరిగ్గా కూర్చోలేదు. నేను నిలబడ్డ చోటు నుంచి కనిపిస్తోంది. ఆయన కొట్టాడు కదా, ఆయనకి తెలుసు కదా అనుకున్నాను. తరవాత ఆపడానికి మళ్లీ స్విచ్చు మీద చెయ్యి వేసేలోపే అయిపోయింది.

మీరు వెనక గదిలో ఉన్నారు. మీకు తెలియదు. మీరు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే ఆ చేత్తోనే మీ వీపు నిమిరాను. మీ ముఖం చూడలేకే అమ్మ రాగానే బయల్దేరాను. మీరు రోజూ అదే స్విచ్చు వేస్తున్నారని వినగానే, దాన్ని ముట్టుకోలేనిది నేనొక్కదాన్నే అనిపించింది. మీరూ వేయలేకపోతున్నారని విన్నాక రాయగలిగాను.

ఇది చదివాక మీరు ఉత్తరాలు మానేసినా నేనేమీ అనుకోను. సైకిళ్లకి చేతి పంపు చాలు. స్కూటరుకి కొట్టేటప్పుడు మాత్రం నడుము వంచకండి, మోకాలు వంచండి.

కోడలు


టైర్ల కొట్టు వెనక గది నుంచి

పిల్లా,

స్విచ్చు నువ్వే వేశావని నాకు తెలుసు. ఎవరు వేశారనుకుంటాననుకున్నావు, పోస్టుమానా? కొట్టులో ఉన్నది ఇద్దరు. వాడి చేతులు గొట్టం మీద ఉన్నాయి. నాకు లెక్కలు రావు కానీ, రెండులోంచి ఒకటి తీసేయడం వచ్చు. నేను మొదటి రోజే తీసేసుకున్నాను. నా వీపు నిమిరిన చెయ్యి ఏదో తెలిసే నిమిరించుకున్నాను.

ఇప్పుడు నేను అడిగేదానికి గోడతో కాదు, నాతో చెప్పు. నువ్వు కాపురానికి వచ్చిననాటి నుంచి ఆ స్విచ్చు వేస్తూనే ఉన్నావు. వాడు వెయ్యి అంటే వేశావు, ఆపు అంటే ఆపావు. సాయంత్రం వాడు లేచి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. ఏ ఒక్కరోజైనా, 'అత్తయ్యా, ఈరోజు కూడా మీ అబ్బాయిని నేనే బతికించాను' అని నా దగ్గరికి వచ్చి చెప్పావా? చెప్పలేదు. అన్ని రోజుల మెప్పు వద్దనుకున్నదానివి ఈ ఒక్కరోజు నింద మాత్రం నాది నాదని ఎందుకు లాక్కుంటావు? ఆశకైనా హద్దు ఉండాలి.

ఆ రింగు తుప్పు పట్టింది. లారీవాడు మార్చలేదు. మావాడు మార్చమని అడగలేదు, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి నచ్చచెప్పుకున్నాడు. వాళ్ల నాన్న నేర్పిన విద్యే అది. ఆయన అలాగే కొట్టేవాడు. నేను స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని, భలే పనిమంతుడు అని మురిసేదాన్ని. నింద పంచుకుందామంటే వరస చాలా పొడుగు ఉంది. నువ్వు ఎక్కడో వెనక నిలబడాలి. నీ వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అవుతుంది.

నీకు ధైర్యం చెప్పను. వీధంతా కలిసి నాకు ఇచ్చిన ధైర్యం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. ఉన్నది చెబుతాను. గోడకి ఒక సైకిలు ట్యూబు వేలాడుతోంది. కన్నం దగ్గర వాడు నీలం సుద్దతో గుండ్రంగా గీసి, అతుకు రేపు వేద్దామని తగిలించాడు. ఇప్పుడు అతుకు వేయాలంటే ఆ చోటు గీకాలి. గీకితే సుద్ద పోతుంది. ట్యూబుగల మనిషి వచ్చిపోతూనే ఉన్నాడు. రేపు రావయ్యా, రేపు రావయ్యా అంటున్నాను. నిన్న ఆయన, 'ఏ రేపమ్మా' అన్నాడు. నాకు కోపం వచ్చింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. బయటికి వచ్చి ఆయన చేతిలో కొత్త ట్యూబు పెట్టాను. పాతది గోడకే ఉంది.

నేను బతుకుతున్నది ఇలాగే. దీన్ని జనం ధైర్యం అంటారో, మొండితనం అంటారో, మతిలేనితనం అంటారో వాళ్ల ఇష్టం. పొద్దున లేస్తున్నాను, తలుపు తీస్తున్నాను, లైటు వేస్తున్నాను.

రమ్మని రాయను. రమ్మంటే మీ అమ్మకి కోపం, వద్దంటే నాది అబద్ధం.

మీ అత్తయ్య


కుట్టు మిషను గది నుంచి

వదినా,

మీ ఉత్తరం తనే చదువుకుంది. నాకు ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకుంది. అది స్నానానికి వెళ్లినప్పుడు తీసి చదివాను. కన్నదాన్ని, ఆ మాత్రం దొంగతనం చేయొచ్చు. చదివి చాలాసేపు కుట్టు మిషను తొక్కాను, గుడ్డ పెట్టకుండా.

స్విచ్చు సంగతి ఇన్నాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని నేను కనిపెట్టలేదు. మీరు మొదటి రోజే కనిపెట్టి, ఒక్క ముక్క అనకుండా ఊరుకున్నారు. మీ నోరు పెద్దదని అందరికీ చెప్పాను. ఇప్పుడు అందరి దగ్గరికీ వెళ్లి సర్దిచెప్పాలి.

అది వస్తానంటోంది. 'ఆ కొట్టులోకే పోతావా' అని అడిగాను. 'గోడ చూడటం అయిపోయిందమ్మా' అంది. మీ అన్నయ్యగారు పేపరు మడవబోయారు. 'మీరు చదువుకోండి' అన్నాను.

కానీ షరతు పెట్టింది. లారీ చక్రానికి ఇక నేల మీద పెట్టి గాలి కొట్టేది లేదట. ఇనప కడ్డీలతో బోను చేయించాలట. చక్రం బోనులో పెట్టి, గొట్టం పొడుగుది వేసి, మనుషులు దూరంగా గోడ వెనక నిలబడాలట. రింగు తుప్పు పట్టి ఉంటే ఎంత బతిమాలినా చక్రం వెనక్కి పంపాలట. బోను తయారైతేనే బస్సు ఎక్కుతుందట. 'నేను అడిగితే ఆయన నవ్వేవాడు, అత్తయ్య నవ్వకూడదు' అంది.

కొట్టు మూయమన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. ప్రస్తుతానికి మడిచి పెడుతున్నాను.

మీ వదిన


టైర్ల కొట్టు నుంచి

వదినా,

మీ పిల్ల క్షేమంగా చేరింది. ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుని ఉంటారు. తిట్టుకోండి, నాకు తీరిక లేదు.

బోను అది వచ్చేలోపే చేయించాను. వెల్డింగు అతను, 'దేన్ని పెడతారమ్మా ఇందులో, పులినా' అన్నాడు. 'మా కోడల్ని' అన్నాను. అతను అదే నిజమనుకుని తలుపుకి గడియ రెండువైపులా పెట్టాడు. అది వచ్చి చూసి, కడ్డీ ఒక్కొక్కటీ పట్టుకుని ఊపి, ఒకటి వదులుగా ఉందని మళ్లీ పంపించింది. నేను నవ్వలేదు.

తరవాత నా పనిముట్లు చూసి పెట్టిన చీవాట్లు రాస్తే కాగితం చాలదు. రెండు మూడు రోజులు సైకిళ్ల పనే చేసింది. గాలి మిషను దగ్గరికి ఇద్దరం వెళ్లలేదు. దుప్పటి మీద దుమ్ము పడుతోందని నేను దులిపాను, మడత సరిగ్గా లేదని అది సర్దింది. పక్కనుంచి చూసేవాళ్లకి ఇంట్లో ముసలాయన ఎవరో పడుకున్నాడనిపిస్తుంది.

జ్వరం డ్రైవరు వచ్చాడు. 'తగ్గిందా అమ్మా' అన్నాడు. నేను పాత మాటే చెప్పబోయాను. అది, 'చక్రం దించండి' అంది.

రింగు కడిగి, చుట్టూ వేలితో తడిమి, నన్ను తడమమని, డ్రైవరు చేత కూడా తడిమించింది. సుత్తి ముట్టుకోనివ్వలేదు. చక్రం బోనులోకి దొర్లించి గొట్టం తగిలించింది. దుప్పటి తీసింది. స్విచ్చు దగ్గరికి వెళ్లి నిలబడింది.

'మీరు వెనక గదిలోకి వెళ్లండి అత్తయ్యా.'

'వెళ్లను. ఆరోజు అక్కడే ఉన్నాను.'

'అయితే గోడ వెనక్కి రండి, నా పక్కకి.'

వెళ్లాను. కొంగు దోపుకుని నిలబడ్డాను. 'వెయ్యమంటారా' అని అడిగింది. 'వెయ్యి' అని చివరిసారి అన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. తల ఊపాను. వేసింది.

ఆ మోత గురించి మీకు రాయను. రింగు కూర్చుంది, చక్రం నిండింది, లారీ వెళ్లింది. అంతకంటే ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇంత గొప్పగా ఉంటుందని నాకు తెలియదు. ఎదురింటి టీచరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, 'ఎంత ధైర్యమమ్మా మీకు' అంది. ఇద్దరం గోడకి ఆనుకుని నేల మీద కూలబడి ఉన్నాం. ఆవిడకి అది విశ్రాంతిలా కనిపించింది.

మీరు చూడటానికి వస్తానన్నారట. ఇప్పుడే వద్దు, నెల తిరగనివ్వండి. తేరుకుంది అని రాస్తే మళ్లీ కాజాల కబుర్లు అవుతాయి. తింటోంది, తిడుతోంది, రాత్రి పడుకుంటోంది. మధ్యలో ఉన్నట్టుండి ఏడుస్తుంది. ఎక్కువగా మిషను నడుస్తున్నప్పుడే. ఆ మోతలో మనిషి ఏడిస్తే పక్కవాళ్లకి వినపడదు కదా, అందుకని అప్పుడే ఎంచుకుంటుంది. నేను దాని భుజాలు చూస్తాను. కదిలాయంటే వెళ్లి మిషను ఆపేస్తాను. వినపడేలా ఏడవనిస్తాను. నాకూ వస్తే పక్కనే కూర్చుని కలుస్తాను. మొన్న ఒక లారీ ఆయన విసుక్కుని, 'ఎంతసేపమ్మా' అన్నాడు. 'అయ్యేదాకా' అన్నాను. ఆయన వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు.

ఆపడం వరకే నేను. కళ్లు తుడుచుకుని వెళ్లి మళ్లీ వేసేది అదే. నేను వేయబోతే నా చెయ్యి పక్కకి నెడుతోంది.

మీ వదిన